రాజుగారి మధ్యాహ్నం

బాల్కన్ కొండల నడుమ, బెలిత్సా అనే నది ఒడ్డున, ఒకానొక కాలంలో వ్రానోవియా అనే బుల్లి రాజ్యం ఉండేది. దాన్ని ఏలే రాజు పేరు రాదోస్లావ్. రాజ్యం ఎంత చిన్నదో రాజుగారి డాబు అంత పెద్దది. బిరుదులన్నీ చదివి ముగించేసరికి వచ్చిన అతిథి నిలబడే కునుకు తీసేవాడు.

ఆయన కొలువులో తిహోమిర్ అనే మంత్రి ఉండేవాడు. గొర్రెలు కాచే ఇంట పుట్టి, చదువుకుని, బడిపంతులై, నోటి మంచితనం వల్ల కొలువు దాకా వచ్చినవాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడడు, ఎవరి మాటా కొట్టిపారేయడు. సభలో ఒక వర్గం యుద్ధం కావాలంటే, ఇంకో వర్గం లొంగిపోదాం అనేది. తిహోమిర్ మాత్రం "కాస్త ఆగి చూద్దాం" అనేవాడు. అందుకని ఇరువైపుల వాళ్లూ అతన్ని గోడ మీద పిల్లి అని ఆడిపోసుకునేవారు.

అతను అలా మెత్తబడడానికి కారణం ఉంది. పెద్దరాజుగారి కాలంలో నది మధ్య ఇసుకదిబ్బ ఒకటి మాదంటే మాదని రెండు రాజ్యాలు కొట్టుకున్నాయి. ఆ పోరులో తిహోమిర్ తమ్ముడు నెనాద్ చచ్చిపోయాడు. మరుసటి వానాకాలం వరద వచ్చి ఆ దిబ్బను ఊడ్చుకుపోయింది. తల్లి చాలాకాలం ఏటి ఒడ్డున నిలబడి, "నాయనా, మీ తమ్ముడు దేనికోసం పోయాడో ఒకసారి చూపించరా" అని అడిగేది. చూపించడానికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు.

సరే, అసలు సంగతికి వస్తాను.

రాదోస్లావ్ రాజుగారికి ఒకనాడు ఒక ఆలోచన తట్టింది. "సూర్యుడు నడినెత్తికి వస్తే మధ్యాహ్నం కావడమేమిటి? నేను భోజనానికి కూర్చున్నప్పుడే నా రాజ్యంలో మధ్యాహ్నం" అని చాటింపు వేయించాడు. ఆనాటి నుంచి జనం పాట్లు చెప్పనలవి కాదు. ఒకరోజు రాజుగారికి పెందలాడే ఆకలేస్తే, పాలు పితికే వేళకే మధ్యాహ్నం అయిపోయేది. ఇంకోరోజు అజీర్తి చేస్తే, దీపాలు పెట్టినా మధ్యాహ్నం అయ్యేది కాదు. బడిపిల్లలు ఆకలికి ఏడ్చేవారు. వంటవాడికి రాజుగారికి ఎప్పుడు ఆకలేస్తుందో తెలియక, కాచిన చారు కాచినట్టే చల్లారిపోయేది.

అయితే నదికి అవతలి ఒడ్డున తెయోదోరా రాణి ఏలే దుబ్రావా రాజ్యం ఉంది. అక్కడి చర్చి గోపురంలో పెద్ద గంట ఉంది. వాళ్లు సూర్యుణ్ణి చూసి, సరిగ్గా నడిమింటికి వచ్చినప్పుడు ఆ గంట కొట్టేవారు. అది వ్రానోవియా అంతటా ఖంగుఖంగున వినిపించేది. జనం ముఖముఖాలు చూసుకుని ముసిముసిగా నవ్వుకునేవారు.

ఆ నవ్వు రాజుగారి చెవిన పడింది. ఇంకేముంది, కొలువు దద్దరిల్లింది.

"నా రాజ్యంలో నేను మధ్యాహ్నం చేయకముందే ఆ తెయోదోరా రాణి మధ్యాహ్నం చేస్తుందా? ఇది దండయాత్ర కాక మరేమిటి?" అని మండిపడ్డాడు.

సేనాపతి ఒబ్రాద్ మీసం దువ్వాడు. "సెలవివ్వండి ప్రభూ! ఆ గంటను ఫిరంగితో కూల్చి, కరిగించి, మీ విగ్రహం పోతపోయిస్తాను."

కోశాధికారి వణికిపోతూ, "వద్దు ప్రభూ, వాళ్ల గంట ప్రకారమే మనం కూడా..." అని ఏదో అనబోయి, రాజుగారి కళ్లు చూసి మిగతాది మింగేశాడు.

యుద్ధమే ఖాయమైంది. ఊరూరా కుర్రాళ్లను పోగుచేసి ఏటి ఒడ్డున గుడారాల్లో దించారు. రేగుపళ్ల తోటలు పండి రాలిపోతున్నాయి, కోసే చేతులు లేవు. గుడారాల దారిన వస్తూ తిహోమిర్ ఆ కుర్రాళ్లను చూశాడు. మీసం కూడా సరిగా రాని ముఖాలు. అతనికి నెనాద్ గుర్తొచ్చాడు. ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు సభలో రాజు అతనివైపు తిరిగాడు. "తిహోమిర్! నువ్వెప్పుడూ మధ్యేమార్గం అంటావుగా. గంట మోగాలి, మోగకూడదు. ఈ రెంటికీ మధ్య ఏముందో చెప్పు చూద్దాం. చెప్పలేకపోయావా, నీ పదవి ఊడినట్టే."

సభలో నవ్వులు. తిహోమిర్ లేచి వినయంగా వంగాడు.

"ప్రభూ, నాకో సందేహం. మన కోటలో భోజనం వేళ అయిందని గంట ఎవరు కొడతారు?"

"ఇంకెవరు? నౌకరు."

"భోజనానికి కూర్చునేదెవరు?"

"నేను."

"మరి అవతలి ఒడ్డున ఇంత పెద్ద గంట పెట్టుకుని, ఎండనకా వాననకా రోజూ మీ భోజనం వేళకు దాన్ని కొట్టిస్తున్నది తెయోదోరా రాణిగారు. ఇంతవరకూ జీతం కూడా అడగలేదు. అలాంటి నౌకరును ఫిరంగితో కొడితే, కొత్త నౌకరును ఎక్కడ వెతకమంటారు?"

రాజు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా ఆ నోరు నవ్వుగా మారింది. పొరుగురాణి తన భోజనానికి గంట కొట్టేది! ఈ ఊహ ఆయనకు బెల్లం ముక్కలా తియ్యగా తగిలింది.

"బాగుంది! ఇకనుంచి ఆ గంట మోగగానే నేను భోజనానికి కూర్చుంటాను. తిహోమిర్, నువ్వు ఇప్పుడే వెళ్లి ఆవిడతో చెప్పు. ఒక్కరోజు ఆలస్యమైనా ఊరుకునేది లేదని గట్టిగా చెప్పు!"

తిహోమిర్ తలవంచుకుని రేవుకు నడిచాడు. ఆ మాట ఉన్నదున్నట్టు చెబితే, యుద్ధం ఇటు నుంచి కాకపోతే అటు నుంచి మొదలవుతుంది. పడవెక్కి నది దాటేంతసేపూ ఆలోచిస్తూనే ఉన్నాడు.

తెయోదోరా రాణి కూడా తక్కువ తినలేదు. ఏటి ఒడ్డున గుడారాలు చూసి, తన ఫిరంగులకు నూనె పట్టిస్తోంది. "ఏమిటి మీ రాజు కబురు?" అంది ముఖం చిట్లించి.

"మహారాణీ, మా ప్రభువులు మీ గంట వినేదాకా చెంచా నోట పెట్టనని ఒట్టు పెట్టుకున్నారు. అంచేత ఎప్పుడూ ఆలస్యం కానివ్వొద్దని మిమ్మల్ని అడగమన్నారు."

రాణి కనుబొమలు పైకి లేచాయి. "నా గంట మోగకపోతే రాదోస్లావ్ పస్తుంటాడా?"

"నీరసపడిపోతారు తల్లీ."

రాణి పకపకా నవ్వింది. "పాపం! ఎంత మాటన్నా, పొరుగువాడు. నేను బతికుండగా ఆయన్ని ఆకలితో మాడనివ్వనని చెప్పు." పైగా జాలిపడి ఒక బుట్టెడు పొగబెట్టిన జున్ను కూడా పంపింది.

ఆ జున్ను చూసి రాదోస్లావ్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "కప్పం కూడా కడుతోందన్నమాట!"

కొద్దిరోజుల్లోనే వ్రానోవియా తీరు మారింది. మధ్యాహ్నం మధ్యాహ్నానికే వస్తోంది. బడిపిల్లలు వేళకు తింటున్నారు. వంటవాడు గంట కోసం చెవులు రిక్కించి, పొగలు కక్కే చారు వడ్డిస్తున్నాడు. రాజుగారి అజీర్తి కూడా ఎటో పోయింది. ఏటి ఒడ్డున గుడారాలను మాత్రం ఇంకా ఎవరూ విప్పించలేదు.

కానీ సేనాపతి ఒబ్రాద్‌కి ఇవేవీ రుచించలేదు. అవతలి ఒడ్డుకు మనుషుల్ని పంపి, తిహోమిర్ అక్కడ ఏమన్నాడో కూపీ లాగించాడు. ఒకనాడు నిండుకొలువులో బయటపెట్టాడు.

"ప్రభూ, ద్రోహం! మీరు ఆవిడ గంట కోసం పస్తుండి ఎదురుచూస్తున్నారని ఈయన చెప్పి వచ్చాడు. అటు ఊరంతా మీమీద జాలిపడుతోంది. ఆ జున్ను కప్పం కాదు ప్రభూ, ధర్మం!"

రాజుగారి ముఖం కందగడ్డలా అయింది. "నిజమేనా?"

"నిజమే ప్రభూ, అన్నాను," అన్నాడు తిహోమిర్.

"నీ తల తీయించక ముందు చెప్పుకునేదేమైనా ఉంటే చెప్పుకో."

"ఒక్క ప్రశ్న ప్రభూ. నౌకరుతో రోజూ 'నువ్వు నౌకరువి, నౌకరువి' అంటే పని బాగా చేస్తాడా? 'ఈ ఇల్లంతా నీ మీదే నడుస్తోంది నాయనా' అంటే బాగా చేస్తాడా?"

రాజు గడ్డం గోక్కున్నాడు. "రెండో మాటకే చేస్తాడు."

"రాణిగారికి నేను చెప్పింది ఆ రెండో మాటే."

సభలో వాళ్లు కొందరు తలాడించారు. రాజు కూడా ఆడించబోయి, చటుక్కున ఆగాడు. ఆయన డాబుమనిషే గాని తెలివితక్కువవాడు కాదు. సింహాసనం మీంచి ముందుకు వంగి, మెల్లగా అడిగాడు.

"ఆగాగు. ఆవిడకు నువ్వు చెప్పింది పని చేయించుకోవడానికి చెప్పిన తీపిమాట. మరి నాకు చెప్పిందో?"

ఒబ్రాద్ చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. అబద్ధమాడితే రాజు పట్టేస్తాడు, నిజం చెబితే తల పోతుంది. తిహోమిర్ చేతులు కట్టుకుని అన్నాడు:

"ఈమధ్య ఏలినవారు కూడా పని బాగానే చేస్తున్నారు ప్రభూ."

రాజుగారి మీసం మొదట అదిరింది. తర్వాత భుజాలు అదిరాయి. ఆ తర్వాత ఆయన సింహాసనం చేతులు పట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారేలా నవ్వాడు. నవ్వితే తప్పో నవ్వకపోతే తప్పో తెలియక, సభికులు కాస్త ఆలస్యంగా నవ్వారు.

"ప్రభూ, మరి యుద్ధం?" అన్నాడు ఒబ్రాద్.

"దేనికయ్యా? చారు వేడిగా ఉన్నందుకా? నోరు మూసుకుని కూర్చో!" అని గద్దించి, రాజు తిహోమిర్‌వైపు తిరిగాడు. "ఏం కావాలో కోరుకో."

"ఏటి ఒడ్డున ఉన్న కుర్రాళ్లను ఇళ్లకు పంపండి ప్రభూ. రేగుపళ్లు ఇంకా కొన్ని చెట్ల మీద ఉన్నాయి."

"పంపించాను. అది వాళ్లకి. నీకో?"

"వాళ్లు వెళ్లడం చూస్తే చాలు."

రాజు ఆ మాట చెవిన పెట్టలేదు. తన మెడలోని గొలుసు తీసి అతని మెడలో వేసి, ప్రధానమంత్రిని చేశాడు. ఆ సాయంత్రం తిహోమిర్ తల్లిని వెంటబెట్టుకుని ఏటి గట్టుకు వెళ్లాడు. గుడారాలు విప్పి, మూటలు భుజాన వేసుకుని, పాడుకుంటూ పోతున్న కుర్రాళ్లను ఆమె కనుమరుగయ్యేదాకా చూసింది. కొడుకు చెయ్యి మాత్రం వదల్లేదు.

రాదోస్లావ్‌కి సంతానం లేదు. ఆయన పోయాక గద్దె ఎవరిదని వర్గాలు రెండూ జుట్టూజుట్టూ పట్టుకుని, చివరికి విసిగిపోయి, తిహోమిర్‌నే దేశాధినేతగా ఎన్నుకున్నాయి. ముసలివాడై కన్నుమూసేదాకా అతను ఆ పదవిలో ఉన్నాడు. ఉన్నంతకాలం ఇరువైపుల వాళ్లూ అతన్ని సమానంగా తిట్టారు. ఏ ఇంటి కుర్రాడూ నది దాటి చచ్చింది లేదు.

అతని అంత్యక్రియల నాడు మాత్రం రెండు వర్గాలూ శవపేటిక చెరోవైపు పట్టుకుని, "ఈయన మావాడు" అంటే "కాదు, మావాడు" అని వాదులాడుకున్నాయట. ఆ తగవు తీర్చగలిగిన మనిషి ఒక్కడే. అతనేమో ఆ పేటికలో ఉన్నాడు.