నెత్తుటి కాలువకు ఎవరి మూర?

ఒకప్పుడు మనుషులందరి చేతుల్లోనూ నెత్తుటి కాలువ ఒకే కొలతతో పారేది. భుజం దగ్గర బయల్దేరి, సరిగ్గా మూరెడు దిగి, అక్కడ రెండుగా చీలేది. ఒక పాయ బొటనవేలి వైపు, ఇంకో పాయ చిటికెనవేలి వైపు.

ఆ మూర ఎవరిదనుకున్నారు? మొదటి మనిషిది. అతను ఆజానుబాహువు. గుండె అతని చెయ్యి కొలిచి, పుట్టబోయే వాళ్లందరికీ అదే ఖాయం చేసేసింది. పొట్టివాళ్లు ఉంటారని ఆలోచించిందా? లేదు. ఎవరినైనా అడిగిందా? అదీ లేదు.

పైడితల్లి అని పూలమ్మే ఆవిడ ఉండేది. ఆవిడవి పొట్టి చేతులు. అంత పొడుగు మూర దిగేసరికి ఆవిడ కాలువ మోచెయ్యి దాటిపోయి, ఎక్కడో కింద చీలేది. మోచేతి మడతలో ఉన్నది ఒక్కటే కాలువ. పూలబుట్ట తగిలించుకునేదేమో ఆ మడతకే. బుట్ట పిడి నొక్కగానే నెత్తురు ఆగిపోయేది. వేళ్లు మొద్దుబారి దారం జారిపోయేది. మాల కట్టకపోతే ఆవిడ ఇంట్లో పొయ్యి వెలగదు.

చిటికెనవేలు రోజూ గుండెకు మొరపెట్టుకునేది. అందరికీ ఒకటే కొలత, నీ ఒక్కదాని కోసం మార్చనని గుండె కొట్టిపారేసేది.

ఒకరోజు పూలు కొనే ఒకావిడ మూర చిన్నదిగా ఉందని గొడవపెట్టుకుంది. పైడితల్లి మొద్దుబారిన చెయ్యి చాపి చూపించింది.

"నా చెయ్యి ఇంతేనమ్మా. నా చేత్తోనే కదా కొలవాలి, ఇంకొకరి చెయ్యి నేనెక్కడ తెచ్చేది?"

ఆ మాట విని చిటికెనవేలికి ఒళ్లు మండిపోయింది. గుండెను నిలదీసింది.

"విన్నావా? పూలకే ఎవరి మూర వాళ్లది. మరి మా కాలువను ఎవరి మూరతో కొలిచావు? అసలు నీకు చెయ్యి ఉందా?"

గుండెకు చెయ్యి లేదు. పాపం, ఒక్కసారి తడబడి కొట్టుకుంది.

కాలువ ఇక ఎవరి అనుమతి కోసమూ ఆగలేదు. పైడితల్లి భుజం కిందే రెండుగా చీలింది. బుట్ట పిడి ఒక పాయను నొక్కితే రెండోది లోతుగా తప్పుకుని పారింది. వేళ్లు వెచ్చబడ్డాయి. ఆ పూట దారం జారలేదు.

సంగతి తెలిసి మిగతావాళ్ల కాలువలూ తిరగబడ్డాయి. ఒకటి చర్మం కిందికే వచ్చేసింది. ఇంకొకటి మధ్యలో మూడో పాయ తీసింది.

అప్పటినుంచే నెత్తుటి కాలువ అందరి చేతుల్లోనూ ఒకేలా ఉండదు. ఒకే మనిషికి కుడిచేతిలో ఒకలా, ఎడమచేతిలో ఇంకోలా కూడా ఉండొచ్చు. పుస్తకంలో చెప్పినచోట నాడి దొరకలేదని ఏ డాక్టరైనా విసుక్కుంటే, ఆ చేతి చిటికెనవేలు ఇప్పటికీ అడుగుతుంది, ఎవరి మూరతో కొలిచావని.