గైరమ్మ అడిగిన మాట

ఇంతవరకూ నేనేమీ రాసినదాన్ని కాదు, తప్పులుంటే మన్నించండి.

పొద్దెక్కినా మంచు విడవని ఒక ఏటి రాజ్యంలో, ఓడ దిగిన వర్తకుడొకడు రాజుగారికి ఒక ఆయుధం చూపించాడు. పొడుగు కర్రకి గొడ్డలీ ఈటే కలిపి బిగించి ఉన్నాయి.

"పరంగి దేశపుది ప్రభూ. మూడొందల ఏళ్ళుగా తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వస్తూ నూరు యుద్ధాలు చేసింది."

రాజు కలలో ఉన్నట్టు దాన్నే చూస్తూ, బదులుగా ఏటి రేవు రాసిచ్చేస్తానన్నాడు.

ఆ రేవులో పడవ నడిపేవాడి పెళ్ళాం గైరమ్మ, కోటలో వడ్లు దంచుతుంది. మాట వినపడగానే చేతిలో రోకలితోనే వచ్చింది.

"దీన్నెలా తిప్పుతారు బాబూ? ఒక్కసారి చూపించండి."

"వడ్లు దంచేదానివి, నీకెందుకే యుద్ధాలు?" అని నవ్వి, వర్తకుడు కర్రని గట్టిగా పట్టుకుని గిర్రున తిప్పాడు. వెంటనే మూలిగి వదిలేశాడు. అరచేతిలో చెక్క పేడు దిగింది.

"నా రోకలి ఆరేళ్ళది మహారాజా, నిమిరి చూడండి, నున్నగా ఉంటుంది. మూడొందల ఏళ్ళు అన్ని చేతులు పట్టిన కర్రకి ఇంకా పేడు లేస్తుందా?"

రాజు రోకలిని చాలాసేపు నిమిరాడు. "రేవు ఎవరికీ ఇవ్వను" అన్నాడు. వర్తకుడు ఆయుధం అక్కడే వదిలేసి ఓడెక్కాడు.

మర్నాడు పొద్దున గైరమ్మ ఆ కర్రకున్న ఇనుము ఊడదీసి, కర్రని ఇసకతో బాగా రుద్ది, పడవ తోసే గెడగా మొగుడి చేతికిచ్చింది. తను పడవలో ముందు కూచుని మంచులోకి వెళ్ళింది.