నక్క శేషావతారం గారికి జరిగిన సన్మానం

నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లొచ్చు. కథంతా విని చివర్లో "అన్నీ కోతలే" అంటే మాత్రం ఊరుకునేది లేదు. సాక్షిని కూడా చూపిస్తాను.

వాగుకి అవతల ఎలుకలపేట, ఇవతల అడవి బడి. ఆ బడిలో చదివే ఉడతలూ కుందేళ్లూ కలిసి ఉడతాభక్తి సంఘం పెట్టుకున్నారు. పెద్దవాళ్లెవరూ లేరు, అంతా పిల్లలే. బడి వదలగానే టిఫిన్ డబ్బాల్లో సగం మిగుల్చుకుని వాగు దాటేవారు. అదేమన్నా మామూలు దాటడమా! వరదొచ్చిన రోజున సంఘం పెద్ద, ఉడత చారుమతి, పలకల కట్ట నోట కరుచుకుని ఒక్క గెంతు గెంతితే చేపలన్నీ తలలెత్తి నోళ్లు వెళ్లబెట్టాయి. పేటలో ఎలుక పిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. తోక తెగినవాడికి కట్టు కట్టేవారు. ఆకలన్నవాడికి డబ్బా తెరిచేవారు. నెల తిరక్కుండానే ఆ పిల్లలు, గాలికి కొట్టుకొచ్చిన కాగితాన్ని నేల మీద పడేలోపే చదివి పారేసేవారు.

సరిగ్గా అప్పుడే వేరుశనగ పీకే రోజులొచ్చాయి. పేట ఉన్న గట్టూ, పక్కన చేనూ నక్క శేషావతారం గారివి. ఆయన తోక నేలకి ఆనకుండా ఎత్తి పట్టుకుని వచ్చాడు.

"ఏమే మంగతాయీ, రేపట్నుంచి పిల్లలంతా నా చేలో కాయలేరాలి."

ముసలి ఎలుక మంగతాయి చేతులు నలుపుకుంది. "చదువుకుంటున్నారు దొరా..."

"చదివి ఏ రాజ్యాలేలతారు? రాకపోతే గట్టు ఖాళీ చెయ్యండి!"

పక్కనే అక్షరాలు దిద్దిస్తున్న చారుమతి ఆ మాట వింది. చేలోకి వెళ్లిన పిల్లలు మళ్లీ పలక పట్టరు. వాళ్ల అన్నలూ అక్కలూ అలా వెళ్లినవాళ్లే. ఎదురు తిరిగితే పేటకి నిలువనీడ ఉండదు. ఏం చెయ్యాలో తోచక నక్క వంక చూసింది. ఆయన వాగు నీళ్లలో చూసుకుంటూ మీసం సవరించుకుంటున్నాడు.

"అయ్యగారూ, మీలాంటి పెద్దమనిషికి మా సంఘం ఇంతవరకూ సన్మానమే చెయ్యలేదు. సిగ్గుగా ఉందండీ."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "శాలువా ఉంటుందా?"

"గజమాల కూడా!"

"అయితే రేపు పొద్దున్నే కానిచ్చెయ్యండి. అది అవ్వగానే పిల్లల్ని తోలుకెళ్తా."

ఆ దండకి పూలు కోస్తే, ఆ ఏడు అడవిలో తేనెటీగలు పస్తులున్నాయి. చారుమతి పొరుగడవికి పరుగెత్తి నక్కగారి వియ్యాలవారిని కూడా పిలుచుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. తర్వాత గాడిద గోవర్ధనం చెవిలో ఏదో చెప్పి వేదిక ఎక్కించింది. గోవర్ధనానికి మైకెందుకు? నోరు తెరిస్తే కొండలే పక్కకి జరుగుతాయి.

"శేషావతారం గారు దానంలో కర్ణుడు!"

నక్క కళ్లు మూసుకుని తల ఊపాడు.

"ఎలుకలపేట గట్టంతా పిల్లల బడికి ఇచ్చేసిన మహానుభావుడు!"

ఊగుతున్న తల టక్కున ఆగింది. చప్పట్లు మోగాయి. ఆ మోతకి పైన కునుకు తీస్తున్న మబ్బొకటి ఉలిక్కిపడి నాలుగు చినుకులు రాల్చింది.

"ఏమే, నేనెప్పుడిచ్చానే?" నక్క పళ్లు కొరుకుతూ గుసగుసలాడాడు.

"ఇవ్వలేదని చెప్పమంటారా అయ్యగారూ? మీ వియ్యపురాలు వింటోంది మరి," అంది చారుమతి.

ముందు వరసలో వియ్యపురాలు కళ్లొత్తుకుంటోంది. "మా అన్నయ్యగారిది వెన్నలాంటి మనసు!"

నక్క పళ్లికిలించాడు. తల ఊపాడు.

తర్వాత కుందేలు లేచింది. "పండిన కాయల్లో సగం పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇస్తున్నారు!"

"ఇంక దండ తీసెయ్యండర్రా!" అని నక్క లేవబోయాడు.

"వందన సమర్పణ కాకుండా లేస్తే బాగుండదు అయ్యగారూ!"

మళ్లీ కూలబడ్డాడు. తల ఊపాడు.

చివరికి, నిన్నగాక మొన్నే అక్షరాలు మొదలుపెట్టిన ఒక బుల్లి ఎలుక వేదిక ఎక్కి, పైన కట్టిన బట్ట మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "శే...షా...వ...తా...రం గా...రి బ...డి."

నక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. గట్టు పోయిందనో, తన పేరు మొదటిసారి ఒకరు చదవగా విన్నాననో ఎవరికీ తెలీదు. ఆ మధ్యాహ్నం మెడలో దండతోనే చేలోకి దిగి, తన కాయలు తానే ఏరుకున్నాడు.

పొగుడుతున్నప్పుడు కళ్లు మూసుకోవచ్చు గానీ చెవులు మూసుకోకూడదు.

సాక్షిని చూపిస్తానన్నానుగా? తాబేలు తిరుపతమ్మ. సభ అవ్వగానే ఇంటికి బయల్దేరింది. ఇంకా దారిలోనే ఉంది, వెళ్లి అడగండి.