మెట్ల కింద కొలువైన చెన్నరాయుడు

కందిమెట్టకు వచ్చే బస్సులో కండక్టరు ఆ ఊరి పేరు పలకడు. "మెట్లకింద దిగేవాళ్ళు రాండి" అని కేక వేస్తాడు. చిన్న గుట్ట, గుట్ట మీద ఊరివాళ్ళు చెన్నరాయుడని పిలుచుకునే చెన్నకేశవస్వామి ఆలయం, పైకి నలభై రెండు మెట్లు, మెట్ల కింద పదహారు స్తంభాల నాపరాతి మంటపం. మూలవిరాట్టు పైన గర్భాలయంలో ఉండగా, ఉత్సవమూర్తి మాత్రం ఏడాది పొడవునా కింది మంటపంలోనే చిన్న పీట మీద కొలువై ఉంటాడు. ఆయన చుట్టూ పూజాసామగ్రి కన్నా పిల్లల పుస్తకాల సంచులే ఎక్కువగా కనిపిస్తాయి. కొత్తగా వచ్చిన భక్తులు చూసి, స్వామిని పైకి తీసుకుపోవడం ఎవరో మరిచిపోయారనుకుంటారు. ఎవరూ మరిచిపోలేదు. స్వామే పైకి రానన్నాడు. మా పెద్దలు చెప్పగా విన్న ఆ వృత్తాంతాన్ని విన్నది విన్నట్టుగా ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ వకుళమ్మ అనే ఆమె స్వామికి పూలమాలలు కట్టేది. తరతరాలుగా మాలకైంకర్యం చేసే ఇంటి ఆడబిడ్డ ఆమె. తండ్రి తిరువేంగడయ్య తెల్లవారుజామున మాలలు కట్టి, పగటిపూట ఊరి మగపిల్లలకు చదువు చెప్పేవాడు. ఆడపిల్లను బడిలో కూర్చోబెట్టే రోజులు కావవి. అందుకని కూతురికి మాల కట్టే వేళలోనే అక్షరాలు నేర్పాడు. తడిగుడ్డ మీద గన్నేరు మొగ్గలు పేర్చి 'అ' చూపేవాడు, ఒక మొగ్గను జరిపి 'ఆ' చేసేవాడు. వకుళమ్మకు చదువు అంటే జన్మంతా గన్నేరు వాసనే.

పెళ్ళయిన మూడో ఏటనే భర్త పోయి ఆమె పుట్టిల్లు చేరింది. కొన్నాళ్ళకు తండ్రీ పోయాడు. ఆ తరువాత మాలలు కట్టడం ఒక్కటే ఆమెకు మిగిలింది. ఆమె చేతి మాల స్వామి మెడలో సాయంత్రం దాకా వాడేది కాదని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఆమెకు నలభై ఏళ్ళు దాటిన కాలంలో ఊరికి తూర్పున పెద్ద కాలువ తవ్వకం మొదలైంది. మన్నుపని చేసుకు బతికే కుటుంబాలు ఎక్కడెక్కడి నుంచో గాడిదల మీద సామాను వేసుకొని వచ్చి కట్ట పొడవునా గుడిసెలు వేసుకున్నాయి. మగవాళ్ళు తవ్వితే ఆడవాళ్ళు తట్టలతో మన్ను మోసేవారు. చీకటితో పనిలోకి దిగితే పొద్దు గూకాకే తిరిగి గుడిసె ముఖం చూడటం. అంతవరకు పిల్లలు ఏమయ్యారో చూసే దిక్కు లేదు. ఆ ఆషాఢంలో పెద్ద వాన కురిసి మట్టి తీసిన గుంతలన్నీ నిండాయి. ఆ వారంలోనే నాలుగేళ్ళ పాప ఒకతె గుంతలో పడింది. తల్లి తట్ట దించి పరుగెత్తుకు వచ్చేసరికే అంతా అయిపోయింది.

ఆ ఉదయం వకుళమ్మ పూలు కోసుకొని ఆ దారినే వస్తున్నది. తల్లి గుండెలు బాదుకోవడం చూసింది. అదే తల్లి మూడో రోజున మళ్ళీ తట్ట నెత్తికెత్తుకోవడమూ చూసింది. ఇంటికి వచ్చి దారం పట్టుకుంటే వేళ్ళు సాగలేదు. మరునాడు నేరుగా గుడిసెల మధ్యకు పోయి నిలబడింది.

"అమ్మా, పగటిపూట మీ బిడ్డల్ని నా కాడ వదలండి. గుడిమెట్ల కింద చల్లగా ఉంటాది. నేను మాలలు కట్టుకుంటా ఉంటా, వాళ్ళు నా కండ్ల ముందర ఉంటారు" అని అడిగింది.

"దానికి మేమేమియ్యల్ల?" అన్నది ఒక ముసలామె అనుమానంగా.

"ఏమీ వద్దవ్వా. నేనూ ఒక్కదాన్నే గదా. నాకూ తోడు."

మొదటి రోజు ముగ్గురు పిల్లలు వచ్చారు. పదిరోజులు తిరిగేసరికి పందొమ్మిదిమంది అయ్యారు. వారిలో సుంకమ్మ అనే ఏడేళ్ళ పిల్ల ఉండేది. చంకలో చెల్లెలిని దించకుండానే ఆడేది, తినేది, కునుకు తీసేది. ఒకనాడు వకుళమ్మ మాల కోసం తడిగుడ్డ మీద మొగ్గలు పేరుస్తూ, తండ్రి తలపుకు వచ్చి, తెలియకుండానే 'అ' పేర్చింది. సుంకమ్మ వంగి చూసింది.

"పూలవ్వా, ఇదేంది?"

"అక్షరం."

"ఇది ఏమంటాది?"

ఆ ప్రశ్న వినగానే వకుళమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయట. తన తండ్రిని తానూ చిన్ననాడు అచ్చం అట్లాగే అడిగింది. అక్షరం మనిషిలాగా మాట్లాడుతుందనుకునే వయసు అది. ఆ పూటనే కాలువగట్టు నుంచి మెత్తని ఇసుక తెచ్చి నాపరాళ్ళ మీద పరిచింది. పందొమ్మిది వేళ్ళు ఇసుకలో తిరగడం మొదలుపెట్టాయి. అట్లా కందిమెట్టలో మెట్ల కింద బడి వెలసింది. పిల్లలు గుణింతాలు పాడుతుంటే, గుట్ట మీద అర్చకులు శేషాచార్యులు అర్చన మధ్యలో ఆగి విని, మళ్ళీ మొదటి నుంచి నామాలు అందుకునేవారని చెబుతారు.

అయితే మాలలు ఆలస్యం కాసాగాయి. పిల్లల బురదకాళ్ళతో మంటపం ఎర్రబారింది. ఆలయ ధర్మకర్త నాగిరెడ్డి చెడ్డవాడు కాదు. ఆ మంటపం వారి తాతగారు కట్టించినది. స్తంభానికి మరక అంటితే తన ఒంటికి అంటినట్టు బాధపడే మనిషి. వైశాఖ మాసపు తిరునాళ ఇంకా నెల ఉన్నదనగా ఆయన మంటపానికి వచ్చాడు.

"వకుళమ్మా, తిరునాళకు సామి దిగే చోటు ఇది. ఎట్లుందో చూడు."

"దినమూ కడుగుతానే ఉండానన్నా. ఇంకో మాటు కడుగుతా."

"కడిగితే పొయ్యేది గాదు. మాలలూ వేళకు అందడం లేదు. గుడి కొలువు కావల్నో, ఈ బడి కావల్నో, ఒకటి తేల్చుకో."

ఆమె ఒక్క పూట గడువు అడిగింది. నలభై రెండు మెట్లూ ఎక్కి గర్భాలయం ముందు నిలబడింది. ముప్ఫై ఏళ్ళుగా తన చేతి పూలు వేసుకున్న స్వామిని కళ్ళారా చూసింది. తండ్రి ప్రాణం పోయే ముందు చెప్పిన ఒకే ఒక్క మాట, మాలకు లోటు రానీయవద్దని. చాలాసేపు నిలబడి చివరకు చేతులు జోడించింది.

"సామీ, నీకు మాల కట్టేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. ఆ బిడ్డలకు దొరకరు. నా మీద కోపం చేసుకోవద్దు."

పూలబుట్టను శేషాచార్యుల చేతికిచ్చి కిందికి దిగింది. దిగుతూ ఏడ్చిందని కొందరు, ఏడవలేదని కొందరు చెబుతారు. ఆ మధ్యాహ్నమే పిల్లలను వెంటబెట్టుకొని కట్ట పక్కన ఉన్న చింతచెట్టు కిందికి బడిని మార్చింది. అక్కడ నీడ అరకొరగా ఉండేది. గాలి వీస్తే ఇసుకలోని అక్షరాలు చెదిరిపోయేవి. పిల్లలు మళ్ళీ రాసేవారు.

తిరునాళ వచ్చింది. ఆచారం ప్రకారం ఉత్సవమూర్తిని పల్లకిలో మెట్లు దింపి, కడిగి ముగ్గులు పెట్టిన మంటపంలో విశ్రాంతికి నిలిపారు. ఒక ఘడియ గడిచాక ఊరేగింపు కదలాలి. ఎనిమిదిమంది బోయీలు భుజాలిచ్చి లేపారు. పల్లకి కదలలేదు. వెదురు బొంగు కిర్రుమన్నదే గాని పల్లకి కాళ్ళు నేలను వదలలేదు. పదహారుమంది పట్టారు. ఊళ్ళోని బలమైన వాళ్ళంతా పట్టారు. కొబ్బరికాయలు కొట్టారు, దిష్టి తీశారు, శేషాచార్యులు అపరాధ స్తోత్రం చదివారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. మేళగాళ్ళు సన్నాయిలు పక్కన పెట్టి కూర్చున్నారు. పొరుగూళ్ళ నుంచి వచ్చిన జనం గుసగుసలు మొదలుపెట్టారు.

నాగిరెడ్డి తెల్లవారుజాము నుంచి ఉపవాసం. నీరసించి పల్లకి పక్కనే స్తంభానికి చేరగిలబడ్డాడు. రెప్ప వాలింది. ఆ కునుకులో ఆయనకు అదే మంటపం కనిపించింది, ముగ్గులు లేవు, నేలంతా ఇసుక. పిల్లల వరుసలో చివరన నల్లని పిల్లవాడు ఒకడు నాలుక కొరుక్కుంటూ ఇసుకలో దిద్దుతున్నాడు. నాగిరెడ్డి "లెయ్ నాయనా, పల్లకి పోవల్ల" అన్నాడట. పిల్లవాడు తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"నేనింకా గుణింతాల్లోనే ఉండా. పాఠం సగంలో ఎట్ల లేసేది?"

నాగిరెడ్డి ఉలిక్కిపడి లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో కాలువగట్టు దారి పట్టాడు. తిరునాళ రోజైనా తవ్వకం పని ఆగలేదు గనుక పిల్లలు చింతచెట్టు కిందనే ఉన్నారు. ధర్మకర్తను చూసి వకుళమ్మ లేచి నిలబడింది. ఇక్కడినుంచీ పొమ్మంటాడని ఆమె అనుకున్నది.

"సామి లెయ్యనంటాండాడమ్మా. పాఠం కావల్లంట. నువ్వు రావల్ల" అన్నాడు నాగిరెడ్డి.

వకుళమ్మ పిల్లల వైపు చూసింది. "ఒక్కదాన్ని రానన్నా. వీళ్ళను ఈ ఎండలో వదిలి యాడికీ రాను."

"అందరూ రావల్ల. నేనే పిల్చుకపోతాండా" అని ఆయన సుంకమ్మ చంకలోని పసిబిడ్డను తన భుజం మీదికి ఎత్తుకున్నాడు. ధర్మకర్త మన్నుపని వాళ్ళ బిడ్డను ఎత్తుకొని జనం మధ్యలో నుంచి నడిచి రావడం ఆనాటి తిరునాళకు వచ్చిన వారంతా చూశారు. పల్లకి చుట్టూ ముగ్గుల మీదనే ఇసుక పోశారు. పిల్లలు కూర్చున్నారు. వకుళమ్మ గుణింతం ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి అందుకున్నది. పాఠం పూర్తికావడానికి గంటకు పైగా పట్టింది. జనం కదలలేదు. చివరి అక్షరం అయ్యాక బోయీలు చేయి వేయగా, పల్లకి పూలబుట్ట లేచినట్టు లేచింది.

ఊరేగింపు ముగిసి స్వామిని గుట్ట పైకి చేర్చబోతే మొదటి మెట్టు దగ్గరే పల్లకి మళ్ళీ బరువెక్కింది. ఈసారి ఎవరూ బలవంతం చేయలేదు. మంటపంలో పీట వేసి కూర్చోబెట్టారు. ఆనాటి నుంచి స్వామి అక్కడే. మరునాడు వకుళమ్మ మాల కట్టింది. పిల్లలు తలా ఒక పువ్వు అందించారు.

ఇంతటితో కథ ముగిసిందనుకోవచ్చు. కాని వకుళమ్మకు అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. ఏడాది తిరగకుండానే కాలువ ముందుకు సాగిపోయింది. తవ్వేవాళ్ళు తవ్వకం వెంట పోవాలి. గాడిదల మీద మళ్ళీ సామాను ఎక్కింది. సుంకమ్మకు అప్పటికి ఒత్తులు సగమే వచ్చాయి. పోయే రోజున ఆ పిల్ల స్వామి పీట ముందు నిలబడి, "నువ్వు గూడ రా" అని పిలిచిందట. స్వామి పీట మీదనే ఉండిపోయాడు. అందరూ వెళ్ళిపోయాక వకుళమ్మ కట్ట మీద తిరిగింది. గుడిసెలు ఉన్నచోట పొయ్యిరాళ్ళు, విరిగిన తట్టలు, పిల్లలు గోటితో గీసిన వంకర అక్షరాలు మిగిలి ఉన్నాయి. ఆమె వాటి మీద అడుగు పడకుండా నడుస్తూ ఇల్లు చేరింది. రెండు రోజులు మాల మాత్రం కట్టింది.

మూడో రోజున మంటపంలో ఊరివాళ్ళు చేరినప్పుడు అన్నది: "సగం చదువుతో పంపినాము. సామి పీట దిగి వాళ్ళ వెంట పోలేడు. మనకు కాళ్ళుండాయి గదా."

పంటపని రోజులు. ఎవరి సంసారం వారికి ఉన్నది. చివరకు నాగిరెడ్డి లేచాడు. "నాకు ఒత్తులు వచ్చు. పదైదు దినాలు నేను పోతా" అన్నాడు. మరునాడు బండి కట్టుకొని నాలుగామడల దూరంలోని కొత్త గుడిసెలకు వెళ్ళి, గాడిదల నడుమ ఎండలో కూర్చుని, పదిహేను రోజులు పాఠం చెప్పి వచ్చాడు. తిరిగి వచ్చేసరికి ఆయన ముఖం నల్లబడింది గాని, అంతటి సంతోషంగా ఆయన్ను ఎన్నడూ చూడలేదని ఇంటివాళ్ళు చెప్పేవారు. ఆయన తరువాత శేషాచార్యుల కొడుకు, ఆ తరువాత ఒక కుమ్మరి, ఒక సాలెవాడు, అక్షరం రానివాళ్ళయితే పిల్లలకు సంగటి వండి పెట్టడానికి, ఇట్లా పక్షానికి ఒకరు చొప్పున కాలువ సముద్రం వైపు సాగినంత కాలమూ కందిమెట్టవాళ్ళు దాని వెంట నడిచారు. దీనికే 'పక్షం కొలువు' అని పేరు వచ్చింది.

చాలా ఏళ్ళకు వకుళమ్మ పేర ఒక కార్డు వచ్చింది. ఆమెకు చూపు మందగించినందున శేషాచార్యుల కొడుకు చదివి వినిపించాడు. "పూలవ్వకు సుంకమ్మ దండాలు. నా చెల్లెలికి నేనే చదువు నేర్పినాను. ఈడ మా గుడిసెల్లో పదకొండుమంది బిడ్డలు ఉండారు. పొద్దున తట్టకు పోయే ముందర వాళ్ళకు చెప్పి పోతాండాను. సామి బాగుండాడా? ఏ పాఠం కాడ ఉండాడు?" అని ఉంది. వకుళమ్మ ఆ చివరి మాటను మూడుసార్లు చదివించుకొని, కార్డు తడిమి చూసి, పీట వైపు తిరిగి, "నిన్నే అడుగుతాంది, చెప్పు" అన్నదట. ఆ ఏడాది మాఘంలో ఆమె కన్నుమూసింది.

ఇప్పుడు కాలువలు తవ్వే జనం లేరు. ఇటుకబట్టీలకు, నాపరాయి గనులకు, పత్తిచేలకు వలస వచ్చేవాళ్ళు ఉన్నారు. వారి పిల్లలు పగలంతా మెట్ల కింద మంటపంలో ఉంటారు. పక్షం కొలువు నేటికీ సాగుతున్నది. పట్నాల నుంచి నర్సులు, విశ్రాంత గుమాస్తాలు, సెలవుల్లో కాలేజీ పిల్లలు వచ్చి పదిహేనేసి రోజులు ఉండి చదువు చెబుతారు. చదువు రానివారు తలలు దువ్వి జడలు వేస్తారు, వంట చేస్తారు, బట్టీల దగ్గరికి పోయి పిల్లలను నడిపించుకు వస్తారు. ఈ కొలువు చేసినవారికి వాక్కు శుద్ధి అవుతుందని, ఇంట చదువుకు లోటు ఉండదని, మనసులోని దిగులు పీట ముందే కరిగిపోతుందని అనుభవజ్ఞులు చెబుతారు.

వైశాఖ తిరునాళలో పల్లకి ఎత్తే ముందు అర్చకులు పిల్లలందరిలో చిన్నవారి వైపు తిరిగి, "పాఠం అయిందా?" అని అడగడం ఆచారం. అయిందని చెబితేనే బోయీలు చేయి వేస్తారు. మొన్నటి తిరునాళకు స్వామి పక్కన అందరిలోకీ చిన్నది, ఇటుకబట్టీ కూలీల బిడ్డ కావేరి కూర్చుంది. వచ్చి అప్పటికి పన్నెండు రోజులే. అడిగితే తల అడ్డంగా ఊపింది. జనం నవ్వారు. కావేరి నవ్వలేదు, ఇసుకలోకి వంగింది. దిద్దింది, చెరిపింది, మళ్ళీ దిద్దింది. సన్నాయి ఆగింది. గొడుగులు పట్టినవాళ్ళు గొడుగులతో, పట్టనివాళ్ళు ఎండలో, అయిదువేల మంది నిలబడిపోయారు. ఎవరూ తొందరపెట్టలేదు.