పోలమ్మకి ముందు గంజి

అనగనగా ఒక ఊరు. ఎప్పటి మాటని అడక్కండి, చెప్పుకుంటూ వచ్చినవాళ్ళకే తెలీదు. ఆ ఊళ్ళో పోలమ్మ అనే ఆమె ఉండేది. మంచం పట్టినవాళ్ళని చూసుకోవడమే ఆమె పని. ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది, గంజి తాగించేది. ఏ ఇంట కష్టమొచ్చినా ముందు పోలమ్మకే కబురు.

ఆమెకి తిండి ధ్యాస లేదు, నిద్ర ధ్యాస లేదు. "మనిషి కాదు, దేవత" అనేవారు జనం. దేవతకి ఆకలేమిటని ఎవరూ ముద్ద పెట్టేవారు కాదు. పిచ్చిది, ఆమె కూడా ఆ మాటకి పొంగిపోయేది.

ఒకనాడు కుమ్మరి అప్పన్న తాతకి స్నానం చేయిస్తోంది. అంతకుముందు మూడు రాత్రులూ కంటి మీద కునుకు లేదు. కడుపులో మెతుకు లేదు. మరిగిన నీళ్ళలో చన్నీళ్ళు కలపడం మరిచి పోసేసింది. తాత వీపు బొబ్బలెక్కింది. ఇంటివాళ్ళు పోలమ్మ మీద విరుచుకుపడ్డారు.

తాత మూలుగుతూనే అన్నాడు: "దాన్నేటీ అనకండి. రేత్రీ పగలూ నా కాడే ఉంది. దానికి ముద్ద పెట్టినోళ్ళెవరర్రా?"

పోలమ్మ తాత కాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

ఆనాటి నుంచి ఎవరు పిలిచినా ఆమెది ఒకటే మాట. "ముందు నాకు గంజి, తరవాత జబ్బు మనిషికి గంజి. రేత్రి నాను తొంగుంటాను, ఇంటోళ్ళు మేలుకుని కూకోవాలి."

కొన్నాళ్ళకి ఊరి పెద్ద సింహాద్రినాయుడి తల్లికి పక్షవాతం వచ్చింది. పోలమ్మని పిలిపించాడు. ఆమె తన మాట చెప్పింది.

"పని చేసేదానివి నువ్వు ముందు తిని, మాయమ్మ తరవాత తినాలా? ఎంత పొగరే నీకు" అని నాయుడు పంపేశాడు.

పొరుగూళ్ళ నుంచి మనుషుల్ని తెచ్చుకున్నాడు. మొదటామె కళ్ళు తిరిగి పడిపోయింది. రెండో ఆమె అలసి నిద్రపోతే, ముసలమ్మ తెల్లారేదాకా తడి పక్కలోనే ఉండిపోయింది. మూడో ఆమె చెప్పకుండానే వెళ్ళిపోయింది. ముసలమ్మ ఒంటి నిండా పుళ్ళు పడ్డాయి. చివరికి నోరు బిగించేసింది. గంజి పోస్తే పెదాల మీంచి కారిపోయేది. ఇక దక్కదనుకున్నారు.

నాయుడే పోలమ్మ గుడిసెకి నడిచొచ్చాడు. "అమ్మ నోరు తెరవడం లేదు. రా పోలమ్మా."

"వస్తాను బాబూ. ముందు?"

"ముందు నీకు గంజి."

"రేత్రి?"

"నేను కూకుంటాను."

నాయుడే గిన్నెలో గంజి పోసి ఇచ్చాడు. పోలమ్మ ముసలమ్మ మంచం పక్కనే చతికిలబడి, ఉల్లిపాయ కొరుక్కుంటూ కడుపారా తాగింది. ముసలమ్మ చూస్తోంది. పక్కన మనిషి అంత ఇష్టంగా తింటుంటే ఎవరికి నోరూరదు? మెల్లగా ఆమె నోరు తెరిచింది. రోజులు గడిచేకొద్దీ పుళ్ళు మానాయి. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. నాయుడు రాత్రిపూట తల్లికి పక్క మార్చడం నేర్చుకున్నాడు.

పోలమ్మకీ ఒకనాడు మంచం తప్పలేదు. అప్పుడు ఊరంతా వంతులు వేసుకుంది. చూసుకోడానికి వచ్చినవాళ్ళు తినందే ఆమె గుటక వేసేది కాదు. అలాగే హాయిగా వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఆ ఊరి పిల్లని పెళ్ళికి అడగడానికి ఎవరైనా వస్తే పెద్దలు పొలమెంతని అడగరు. "మీ ఇంట్లో ఎవరైనా మంచాన పడితే మొదటి గిన్నె ఎవరికి?" అంటారు. చూసుకునే మనిషికి అంటే పీట వేస్తారు. తడబడితే మంచినీళ్ళిచ్చి పంపేస్తారు.