అక్సెల్ విడమరచిన మాట

"డేనిష్ వాళ్ళు ఇంత పొడుగు మాటను ఒక్క ఊపిరిలో అనేస్తారు కదా మేడమ్, మనమెందుకు ముక్కలు చేసి వల్లించడం?" అని అడిగింది కెజియా. డెన్మార్క్ ఆసుపత్రుల్లో నర్సులుగా చేరబోయే పిల్లలకు గుంటూరులో ఆ భాష నేర్పే మార్తమ్మగారు వాదనకు దిగే మనిషి కాదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, తనకు జరిగింది ఒకటి చెప్పారు.

ఆ దేశంలో నర్సుగా ఆమెకది మొదటి చలికాలం. అక్సెల్ అనే ముసలి జాలరిని ఆపరేషన్‌కు తీసుకెళ్ళబోతోంది. ఆయన గబగబా ఒక మాట అన్నాడు. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఆమెకు అంతుచిక్కలేదు. మళ్ళీ అడిగితే భాష రాదని ఇంటికి పంపేస్తారేమోనని భయం. నవ్వుతూ తల ఊపి, మంచం కదపబోయింది.

ముసలాయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "బ్లోద్," అని ఆగాడు. రక్తం, అది ఆమెకు తెలుసు. "ఫొర్‌తున్నింగ్స్," అని మళ్ళీ ఆగాడు. ఆమె మొహం చూసి, పక్క మంచం మనిషి వదిలేసిన ఎర్రటి పళ్ళరసంలోకి నీళ్ళు ఒంపాడు. రసం పలచబడింది. "మెదిసీన్," అన్నాడు చివరికి.

రక్తం పలచన చేసే మందు! పొద్దున వేసుకున్నారా అని మార్తమ్మ అడిగితే అవునన్నాడు. కాగితాల్లో ఆ మందు ఊసే లేదు. కత్తి పడితే నెత్తురు ఆగదు. పరుగున వెళ్ళి డాక్టరుకు చెప్పింది. ఆపరేషన్ ఆపేశారు.

తిరిగొచ్చి, "అర్థం కాకుండానే తల ఊపాను" అని వచ్చీరాని భాషలో ఒప్పుకుంది. ఆయన ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మందు ప్రభావం తగ్గేదాకా ఉన్న నాలుగు రోజులూ ఆమెను పిలిచి, ఆసుపత్రి మాటలు ఒక్కొక్కటే విడగొట్టి పలికించాడు. రాసిన అక్షరం నోట్లో ఎక్కడ మాయమవుతుందో, ఏ ముక్కను నొక్కి పలకాలో, ఎక్కడ విరిస్తే అర్థం చెడదో, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఐదోరోజు ఆపరేషన్ సవ్యంగా జరిగింది. వారం తిరిగేసరికి ఆయన తన కాళ్ళ మీద నడిచి ఇంటికెళ్ళాడు.

"మీరు అలా తల ఊపినందుకు ఆయనకు కోపం రాలేదా మేడమ్?" అంది కెజియా.

"లేదమ్మా. నా తల ఊపుడును నమ్మలేదు, అంతే. అందుకే ఈనాటికీ ప్రార్థనలో ఆయన పేరు చెప్పుకుంటాను," అని మార్తమ్మగారు సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. "నిన్నటి పాఠానికి నువ్వూ తల ఊపావు. ఏదీ, ఆ మాట విప్పి చెప్పు."