ఎర్రకనుమ మీద పుట్టింటమ్మ వెలసిన వైనం

ఎర్రకనుమ ఎక్కడానికి మూడు దారులున్నాయి. వేములగడ్డ వైపు నుంచి నూట నలభై మెట్లు. మొగిలిదుర్గం వైపు నుంచి బండ్లదారి, బస్సు మలుపు దాకా వస్తుంది. ఈదులకోట వైపు నుంచి ఇప్పటికీ కాలిబాటే. మూడు దారులూ కలిసేచోట, కనుమ నడినెత్తిన, పుట్టింటమ్మ గుడి ఉంది. గుడి పెద్దదేమీ కాదు. పదిమంది లోపల నిలబడితే పదకొండో మనిషి గడప బయటినుంచే దండం పెట్టుకోవాలి. అమ్మవారికి చేతులు లేవు, ఆయుధాలు లేవు. మూరెడు ఎత్తున ఎర్రని రాతి ముద్ద, దానికి పసుపు, కుంకుమ, ఎప్పుడూ ఒక కొత్త చీర.

ఈ చిన్న పుస్తకం రాస్తున్న నేను వేములగడ్డ వాణ్ణి. అందువల్ల ఈ కథలోని మా పాళెగాడు కోనప్పనాయుణ్ణి కాస్త ఎక్కువ మెచ్చుకున్నానని మొగిలిదుర్గం వారు అంటారు. అననివ్వండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, గడ్డి ఉండేది. కనుమ కింద పరుచుకున్న వాలుకు బోడిమిట్ట అని పేరు. ఎండాకాలంలో కూడా అక్కడ పశువులకు పచ్చిక దొరికేది. దానికోసం మొగిలిదుర్గం పాళెగాడు తిప్పానాయుడికీ, ఈదులకోట పాళెగాడు బుక్కరాజుకూ తాతల నాటినుంచి తగవు. ఏటా కోతలు కాగానే ఈటెలు తీసుకొని అక్కడికి చేరేవారు. పదిమందికి గాయాలు తగిలేవి. ఎవరూ గెలిచేవారు కాదు. మళ్ళీ ఏడు మళ్ళీ అదే వరస.

మా వేములగడ్డ కోనప్పనాయుడు తిప్పానాయుడికి ప్రాణస్నేహితుడు, పైగా వియ్యంకుడు. తిప్పానాయుడి ఒక్కగానొక్క కూతురు చెన్నసాని కోనప్పనాయుడి కోడలు. బావ పోరాడుతుంటే బావ ఊరుకుంటాడా? ఏటా నలభైమంది బంట్లనూ, పది బండ్ల మేతనూ పంపేవాడు. అలా పన్నెండేళ్ళు పంపాడు. తగవు వల్ల కనుమ దారి మూతపడి, ఉప్పు బండ్లు వేములగడ్డకు రావడం మానేశాయి. ఊరంతా చప్పిడి సంగటి తినవలసి వచ్చింది. పన్నెండో ఏట కోనప్పనాయుడు బావకు కబురు పెట్టాడు. "బావా, మిట్టకు ఒక పొలిమేర గీసుకొని తగవు చాలించు. నా జనం అలిసిపోయినారు."

తిప్పానాయుడికి ఆ మాట కారం పూసినట్లయింది. "నా పక్కన నిలబడి వాని మాట మాట్లాడతావా?" అని తిరుగు కబురు పెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. కోనప్పనాయుడు పంపిన ఆవకాయ జాడీని మూత విప్పకుండా తిప్పి పంపాడు. ఇక చూడండి. కోనప్పనాయుడు తరువాతి లేఖలో "బావా" అని రాయడం మాని "మహారాజరాజశ్రీ తిప్పానాయనివారి సముఖానికి" అని మొదలుపెట్టాడు. వియ్యంకుణ్ణి అంతకంటె ఘాటుగా తిట్టడం ఎవరి తరమూ కాదు. ఆ యేడు నలభైమందికి బదులు పాతికమందినే పంపాడు, వారిలోనూ ఆరుగురికి మోకాళ్ళ నొప్పులు. అయినా బుక్కరాజు చూస్తున్నప్పుడు మాత్రం ఇద్దరూ మిట్ట మీద కౌగిలించుకొనేవారు. అతడు అటు తిరగగానే ఇద్దరూ మూతులు ముడుచుకొనేవారు.

ఈ అలక నడుమ నలిగిపోయింది చెన్నసాని. ఆమెకు తొలిచూలు. తొలికాన్పుకు పుట్టింటివారు వచ్చి పిల్లను తీసుకొనిపోవడం మన ఆచారం కదా. "తండ్రి వచ్చి పిలవాలి" అని కోనప్పనాయుడు భీష్మించుకొని కూర్చున్నాడు. "వాడు నన్ను మహారాజును చేసినాడు, మహారాజు ఎవరి గడప తొక్కడు" అని తిప్పానాయుడు అన్నాడు. ఏడో నెల అలా గడిచింది. ఎనిమిదో నెలలో ప్రయాణం పనికిరాదు. తొమ్మిది వచ్చింది. మొగిలిదుర్గంలో చెన్నసాని తల్లి సొంఠి, వాము దంచి పెట్టుకొని, పాత చీరలు ఉతికి మడతలు పెట్టుకొని, రోజూ కనుమ వైపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొనేది. అమ్మ చేతుల్లో కనాలని చెన్నసాని ఆశ. అది తీరే దారి మాత్రం కనబడలేదు.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం కోనప్పనాయుడు చప్పిడి సంగటి తిని కునుకు తీశాడు. కలలో ఎర్రచీర కట్టిన ఒక ముసలమ్మ కనిపించి, "ఆ మిట్ట పొలిమేర నువ్వు నడువు. నా మట్టి నెత్తిన పెట్టుకొని నడువు" అన్నది. నాయుడు లేచి, ఉప్పులేని తిండికి ఇటువంటి కలలే వస్తాయని మళ్ళీ పడుకున్నాడు. ముసలమ్మ మళ్ళీ వచ్చింది. మూడోసారి చేతికర్రతో పొడిచింది కూడా. మెలకువ వచ్చి చూసుకుంటే డొక్క కమిలి ఉన్నది.

పొలిమేర నడక అంటే ఏమిటో ఇప్పటివారికి తెలియదు కనుక చెబుతాను. తగవు పడ్డ నేల నుంచే తడిమట్టి తీసి, ముద్ద చేసి, చుట్టకుదురు లేకుండా తల మీద పెట్టుకొని ఒక మనిషి నడవాలి. అతడు నడిచిన గీతే పొలిమేర. మనసులో పక్షపాతం ఉంటే ముద్ద పగిలి రాలుతుందని, అతడి వంశం నిలవదని నమ్మకం. అందుకే ఎవరూ ఒప్పుకొనేవారు కాదు.

కోనప్పనాయుడు నడుస్తాననగానే చిత్రంగా ఇద్దరు శత్రువులూ సరేనన్నారు. అలిగినా బావ బావే, నా వైపే గీస్తాడని తిప్పానాయుడు అనుకున్నాడు. అలిగిన వియ్యంకుణ్ణి మించిన పగవాడు ఉండడు, నాకే మేలు చేస్తాడని బుక్కరాజు లోలోపల నవ్వుకున్నాడు.

ఆ ఉదయం మూడు ఊళ్ళ జనం మిట్ట చుట్టూ చేరారు. కోనప్పనాయుడు మిట్ట అడుగున ఉన్న కింది గుండు రాయి దగ్గర మట్టి ముద్ద తలకెత్తుకొని కదిలాడు. ఆవకాయ జాడీ గుర్తుకు వచ్చి అడుగు మొగిలిదుర్గం వైపు ఒరిగింది, వారి నేల తగ్గేటట్లు. ముద్ద చిట్లింది. భయపడి ఆగాడు. చిన్ననాడు తిప్పానాయుడు తనను వాగులోంచి లాగి బతికించిన సంగతి గుర్తుకు వచ్చి అడుగు ఈదులకోట వైపు ఒరిగింది. పెళ్ళ ఒకటి రాలి భుజాన పడింది. ఇక మా నాయుడు కాలు కదపలేకపోయాడు. నడి మిట్ట మీద నిలబడి చెమటలు కక్కాడు.

సరిగ్గా అదే పొద్దున వేములగడ్డలో చెన్నసాని అత్తతో అన్నది: "అత్తా, మగోళ్ళ అలక తీరేదాకా కడుపులో బిడ్డ ఆగుతాదా? డోలీ కట్టించు. నేను మా అమ్మ కాడికి పోతాండా." అత్త అప్పటికప్పుడు డోలీ కట్టించింది, తానూ వెంట నడిచింది. డోలీ కనుమ నెత్తికి ఎక్కేసరికి నొప్పులు మొదలయ్యాయి. "అమ్మా!" అన్న కేక మిట్టంతా వినబడింది.

కోడలి గొంతు గుర్తుపట్టిన కోనప్పనాయుడికి బావ లేడు, పగవాడు లేడు, ఆవకాయ లేదు. తల మీద ముద్ద ఉన్న సంగతే మరిచి కేక వచ్చిన వైపు సూటిగా నడిచాడు. కింది గుండు నుంచి కనుమ నెత్తి దాకా అడుగుల వరస పడింది. ఈసారి ముద్ద చెక్కు చెదరలేదు.

ఈదులకోట ఆడవారిలో ఉన్న బుక్కరాజు తల్లి మంచి మంత్రసాని. ఆమె కొడుకు వంక చూడను కూడా చూడకుండా కొంగు బిగించి పరుగెత్తింది. బుక్కరాజు తలపాగా విప్పి తెరగా కట్టించాడు. కబురు అందిన చెన్నసాని తల్లి సొంఠి మూట, కుంపటి, నులకమంచం, పాత చీరలు అన్నీ బండికెత్తించుకొని, ఎద్దులను పరుగు పెట్టించుకుంటూ వచ్చింది. వచ్చి కూతురి తల ఒళ్ళో పెట్టుకున్న కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. "పుట్టింటికి నేను రాలేకపోతే పుట్టిల్లే నా కాడికి వచ్చెనే" అని చెన్నసాని ఏడుస్తూ నవ్వింది. ఈ మాట రాస్తుంటే నాకూ కళ్ళు చెమ్మగిల్లుతాయి, ప్రతిసారీ అంతే.

పురుడు పదకొండు రోజులు. బాలింతను కదపకూడదు. మూడు ఊళ్ళవారూ కలిసి ఈతాకులతో పురిటి పాక వేశారు. పాక పక్కన ఈటెలు తిప్పడానికి ఎవరికి ధైర్యం? ఆడవారు లోపలికి రానివ్వనందువల్ల వియ్యంకులిద్దరూ ఒకే బండ మీద కూర్చోవలసి వచ్చింది. మొదటి రోజు చెరొక వైపు తిరిగి కూర్చున్నారు. రెండో రోజు మనవరాలి ఏడుపు వినబడి ఇద్దరూ ఒకేసారి లేచారు. మూడో రోజు తిప్పానాయుడు అడుగుల వరస చూసి, తన వైపు నేల తగ్గిందని లెక్క తేల్చుకొని, కోనప్పనాయుడి వైపు తిరిగాడు.

"బావా, పరాయివాడు ఇట్ల నడిచుంటే ఈటె దీసుందును. నా మేలు కోరేవాడివి నువ్వు నడిచి తక్కువ చూపించినావంటే, నాది అంతే" అన్నాడు.

"నడిపించింది నేను గాదు బావా, నీ కూతురు" అన్నాడు కోనప్పనాయుడు. ఆ మాటతో అతడి నోట మళ్ళీ "బావా" పలికింది. బుక్కరాజు ఆ పొలిమేరను తలవంచి ఒప్పుకున్నాడు.

పదకొండో నాడు పాక తీస్తుంటే, కోనప్పనాయుడు దించిపెట్టిన మట్టి ముద్ద రాయై నేలలో పాతుకొని ఉన్నది. ఆ రాత్రి ముసలమ్మ ముగ్గురు పాళెగాళ్ళ కలలోనూ కనిపించి, "ఇది ఆడపిల్లలందరికీ పుట్టిల్లు" అని చెప్పిపోయింది.

అప్పటినుంచి పుట్టిల్లు లేని గర్భిణులు ఇక్కడికి వస్తారు. మొగిలిదుర్గం వారు చీర, వేములగడ్డ వారు గాజులు, ఈదులకోట వారు బాలింతలు తినే కాయం ముద్ద ఇచ్చి ఒడి నింపుతారు. ఆ తరువాత, ముందుగా ఎవరింటి అన్నం పెట్టాలని మూడు ఊళ్ళ ఆడవారూ గుడి ముందే తగవు పడతారు. ఆ ఒక్క తగవుకు మాత్రం ఎవరూ పొలిమేర గీయలేదు. తల్లీబిడ్డలు క్షేమంగా ఉంటారని, అలిగిన వియ్యాలవారు ఇక్కడ కలిసి తింటే మళ్ళీ పలకరించుకుంటారని అనుభవమున్నవారు చెబుతారు.

నిరుడు వైశాఖంలో అనాథాశ్రమంలో పెరిగిన కృపావతి అనే అమ్మాయి నిండు చూలుతో ఒంటరిగా బస్సు దిగి వచ్చింది. గడప బయటే నిలబడి, "లోపలికి రావడానికి ఎవరినైనా అడగాలా అయ్యా?" అన్నది.

మా పూజారి హారతి పళ్ళెం పక్కన పెట్టి, "పుట్టింటికి వచ్చి అడుగుతారా తల్లీ?" అన్నాడు.